చలిని ఉక్కగా మార్చిన మా అత్తగారు

పెళ్లిచూపుల్లో నన్ను పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. మా అత్తగారి ఆడపడుచు నా పక్కన చేరి, "మా వదిన రచయిత్రి, తెలుసా? దీపావళి కథల పోటీలో ఫస్టు ప్రైజు" అని చెవిలో చెప్పింది. నేను పొంగిపోయాను. అసలే పుస్తకాల పిచ్చిదాన్ని. పెళ్లికొడుకు సంగతి తర్వాత చూసుకోవచ్చు, అత్తగారు మాత్రం నచ్చేశారు అనుకున్నాను.

అత్తయ్య కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఆ ఒక్క కథ తర్వాత మళ్లీ కలం ముట్టలేదు. ఎందుకని ఎవరడిగినా, "ట్రంకు కాల్స్ కలపడానికే తీరిక లేదు, ఇంక కథలొకటా" అనేవారు. అయితేనేం, ఆ ఒక్క కథ మీదే మా అత్తవారి వంశమంతా ఈ రోజుకీ సాహిత్య కుటుంబంగా చెలామణీ అవుతోంది. మా ఆయన ఆఫీసులో రాసే ఈమెయిల్ బాగుందని ఎవరైనా మెచ్చుకున్నా, "మా అమ్మ పోలిక" అంటాడు.

మేము అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉన్న రోజులవి. కారు అద్దానికి జీపీఎస్ డబ్బా అతికించుకుని తిరిగే కాలం. అత్తయ్య ఆర్నెల్ల కోసం వచ్చారు. వారానికోసారి నేనూ, నాలుగో తరగతి చదివే మా అమ్మాయీ లైబ్రరీకి వెళ్తుంటే ఆవిడా వచ్చేవారు. ఒకరోజు పుస్తకాలు తీసుకుని బయటికి వస్తుంటే నోటీసు బోర్డు ముందు ఆగిపోయారు. అక్కడొక పోస్టరుంది. అందులో చెంపకి చెయ్యి ఆనించుకుని, కోపంగా కెమెరాలోకి చూస్తున్న ఒక జపాన్ ఆవిడ ఫోటో ఉంది.

"ఈవిడ నాకు తెలుసు" అన్నారు అత్తయ్య.

నాకు నవ్వాగలేదు. నాకు నవ్వొస్తే చోటూ సమయమూ తెలియవు, అదొక జబ్బు. మిషిగన్‌లో ఎదురింటావిడ పేరే ఇంకా పట్టుబడలేదు ఈవిడకి, జపాన్ ఆవిడ ఎలా తెలుసంట! పోస్టరు చదివి చెప్పాను. ఆవిడ జపాన్‌లో చాలా పేరున్న రచయిత్రి. వయసులో ఉండగా కొన్నేళ్లు ఇక్కడికి రెండు గంటల దూరంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పిందట. అప్పుడు ఉన్న ఇంటిని ఆమె పేరన మ్యూజియం చేశారు. శనాదివారాలు తెరిచి ఉంటుంది.

"శనివారం వెళ్దాం" అన్నారు అత్తయ్య.

అంతకుముందు వారమే నయాగరా తీసుకెళ్తామంటే, "నీళ్లు పైనుంచి కిందకే కదా పడేది, టీవీలో చూశాను" అని ససేమిరా అన్న మనిషి! నేను ఆశ్చర్యపోయి ఆ శనివారమే బయలుదేరదీశాను. మా ఆయనకి ప్లాంట్‌లో పనుండి రాలేదు. ఆడవాళ్లం ముగ్గురమే వెళ్లాం.

అత్తయ్యకి జీపీఎస్‌లో మాట్లాడే ఆవిడంటే మహా గౌరవం. "ఎన్నిసార్లు తప్పు దారి పట్టినా విసుక్కోదు చూడు, డ్యూటీ అంటే అదీ" అనేవారు. మలుపు చెప్పినప్పుడల్లా ఎక్స్ఛేంజి ఇంగ్లీషులో "థాంక్యూ" అనేవారు కూడా. ఆ రోజు మాత్రం థాంక్యూలు లేవు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. సగం దూరం వెళ్లాక ఉన్నట్టుండి, "అమ్మాయ్, కారాపు" అన్నారు.

"హైవే మీద ఆపకూడదత్తయ్యా."

"అయితే నడుపుతూనే విను. ఆ కథ నాది కాదు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. పాత పుస్తకాల బండి మీద ఆవిడకొక ఇంగ్లీషు పుస్తకం దొరికిందట. వెనక అట్ట మీద ఇదే ఫోటో. కాల్స్ తక్కువగా ఉండే మధ్యాహ్నం షిఫ్టుల్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివారట. అందులో ఒక కథ మనసుకి పట్టేసిందట. దాన్ని తెలుగులో రాసుకున్నారు. రాసుకున్నాక పోటీ ప్రకటన కనబడింది. మూలకథ ఎవరిదో రాయకుండా పంపేశారు.

వెనక సీట్లోంచి మా అమ్మాయి తల ముందుకు పెట్టింది. "నానమ్మ కాపీ చేసిందా? బట్ దట్స్ ప్లేజియరిజం!"

"అదేవిటే?" అన్నారు అత్తయ్య భయంగా.

"ఇంకొకళ్లది రాసి నాది అని చెప్తే. మా క్లాస్‌లో జీరో ఇస్తారు. అండ్ దే కాల్ యువర్ పేరెంట్స్."

"మా పేరెంట్స్ పోయారే తల్లీ" అన్నారు అత్తయ్య, చాలా దిగులుగా.

ఇంక నా వల్ల కాలేదు. కళ్లనీళ్లు కారేలా నవ్వి, దిగాల్సిన ఎగ్జిట్ దాటేశాను. జీపీఎస్ ఆవిడ విసుక్కోకుండా ఇంకో దారి వెతకడం మొదలుపెట్టింది.

"నువ్వు నవ్వుతావ్. నాకెలా ఉందో తెలుసా?" అన్నారు అత్తయ్య. "ప్రైజు వచ్చాక మళ్లీ రాద్దామని కూర్చునేదాన్ని. ఒక్క లైను రాస్తే ఇది నాదేనా, ఎక్కడైనా చదివానా అని అనుమానం. కొట్టేసేదాన్ని. అసలు రాయడం నాకు వచ్చో రాదో కూడా ఇవాళ్టికీ తెలీదు. దొంగతనం మాత్రం వచ్చని తెలిసింది."

నా నవ్వాగిపోయింది. ఇంతకీ ఇప్పుడేం చేద్దామని అడిగాను.

"ఆవిడ ఇంటికెళ్లి తప్పయిందని చెప్తాను."

"ఆవిడ పోయి చాలా ఏళ్లయిందట అత్తయ్యా."

"ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారుగా. వాళ్లకి మెసేజి ఇస్తాను. ఆవిడ తరఫున వాళ్లేమంటే అది."

అప్పుడు గుర్తొచ్చింది. మా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. కాపీరైట్ కేసని ఏదైనా వస్తే మా అందర్నీ ఒకే విమానంలో కాకినాడ పంపించేస్తారేమో! నేను లాయరు భాషలో ఏదేదో చెప్పబోతే, ఆవిడ ఎక్స్ఛేంజిలో దురుసు సబ్‌స్క్రైబర్లని ఆపినట్టు చెయ్యెత్తి ఆపేశారు. చెప్పాకే అన్నం ముట్టేదన్నారు. పులిహోర డబ్బా ఆవిడ ఒళ్లోనే ఉంది, నాకు ఆకలేస్తోంది.

దిగులు పోగొడదామని, అసలు జపాన్ కథని కాకినాడకి ఎలా తెచ్చారో చెప్పమన్నాను. అదే పొరపాటయింది, మళ్లీ నవ్వు మొదలైంది.

"అందులో ఒక పిల్ల స్నానాల ఇంటి దగ్గర డబ్బులు తీసుకునే కిటికీ వెనక కూర్చుంటుంది. వాళ్లకి ఊరంతటికీ కలిపి వేడినీళ్ల స్నానాలట. అలా రాస్తే ఎడిటరు ఏమనుకుంటాడు నా గురించి? అందుకని సినిమా హాల్లో టికెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టాను."

"మరి హీరో?"

"అక్కడ రోజూ స్నానానికొస్తాడు. ఇక్కడ రోజూ వాళ్లమ్మకి టికెట్టు కొనడానికొస్తాడు."

"రోజూనా? ఆవిడకి వేరే పని లేదా?"

"సినిమాల పిచ్చి ముసల్ది అని రాశాలే. అసలు చిక్కు అది కాదు. అక్కడ వాడు రోజూ 'చలిగా ఉందండీ' అంటాడు. ఆ పిల్ల 'అవునండీ, చలిగా ఉంది' అంటుంది. ఏళ్ల తరబడి అంతే, వేరే మాటే లేదు. ప్రేమంతా ఆ ముక్కలోనే. కాకినాడలో చలెక్కడ ఏడిసింది? అందుకని 'ఉక్కగా ఉందండీ' అనిపించాను."

"మంచు పడే చోట?"

"కరెంటు పోయినట్టు రాశాను."

నేను కారు పక్కకి తీసుకెళ్లి ఒక పెట్రోలు బంకులో ఆపేయాల్సి వచ్చింది. మా అమ్మాయి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వుతోంది. మా ఇద్దర్నీ చూసి అత్తయ్య మూతి బిగించారు. తర్వాత ఆవిడకీ ఆగలేదు. తప్పు ఒప్పుకోవడానికి వెళ్తున్న మనుషుల్లా లేము, పెళ్లికి వెళ్తున్నట్టున్నాం.

మ్యూజియం అంటే పెద్దదేం కాదు. చెరువొడ్డున చిన్న తెల్ల చెక్క ఇల్లు. వరండాలోకి అడుగు పెట్టగానే ముగ్గురం అలవాటు ప్రకారం చెప్పులు విప్పేశాం. లోపల్నుంచి ఒక జపాన్ పెద్దావిడ గబగబా వచ్చి మా చెప్పుల వైపు చూసి, మురిసిపోయి, నడుం దాకా వంగి దండం పెట్టింది. వచ్చిన అమెరికన్లకి బూట్ల మీద వేసుకోమని ప్లాస్టిక్ సంచులు ఇవ్వాల్సి వస్తుందట, చెప్పకుండా విప్పినవాళ్లు మేమేనట. అత్తయ్య తిరిగి వంగి దండం పెట్టారు. ఆవిడ మళ్లీ వంగింది. ఈవిడ మళ్లీ. ఇద్దరిలో ఎవరు ముందు ఆపాలో తెలియక కాసేపు అలా సాగింది.

పెద్దావిడ భర్త ఎప్పుడో కార్ల కంపెనీ ఉద్యోగానికి వచ్చిన ఇంజనీరట. ఆయన పోయాక శనాదివారాలు ఇక్కడికొచ్చి ఇల్లు చూపిస్తుందట. రచయిత్రి రాసుకున్న బల్ల, కళ్లజోడు, అన్నం వండుకున్న చిన్న గిన్నె, మంచులో తొడుక్కున్న బూట్లు చూపించింది. గళ్లగళ్ల కాగితం మీద పైనుంచి కిందకి దిగిన చేతిరాత చూసి మా అమ్మాయి "ఇట్స్ లైక్ అ క్రాస్‌వర్డ్" అంది. అత్తయ్య దేన్నీ సరిగా చూడలేదు. ముఖం పాలిపోయి ఉంది. అద్దాల బీరువాలో రకరకాల భాషల పుస్తకాల మధ్య ఒక ఇంగ్లీషు పుస్తకం కనబడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అదే అట్ట.

"నేనే చెప్తాను, నువ్వు మాట్లాడకు" అని నాతో అని, గొంతు సవరించుకుని, పెద్దావిడ ఎదురుగా నిలబడ్డారు.

"మేడమ్. ఐ కాపీ" అన్నారు.

పెద్దావిడ ముఖం వెలిగిపోయింది. "యెస్, యెస్! ప్లీజ్ వెయిట్!" అని లోపలికి పరిగెత్తినంత పని చేసి, కాసేపటికి పళ్లెంలో మూడు కప్పులతో వచ్చింది. వేడివేడి కాఫీ. మనవైపు పెద్దవాళ్లు కాఫీని కాపీ అన్నట్టే వాళ్ల భాషలోనూ అలాంటిదే ఏదో మాటట. మా ముగ్గురికీ తెచ్చింది, నాలుగో తరగతి పిల్లకి కూడా.

అత్తయ్య నా వైపు బిక్కమొహం వేసుకుని చూశారు. వాళ్లింట్లో ఇచ్చిన కాఫీ కాదనడం ఎలా? పాలూ పంచదారా లేని ఆ నల్లటి కాఫీని ప్రాయశ్చిత్తంలాగా కళ్లు మూసుకుని తాగేశారు. కప్పు కింద పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి బీరువాలో పుస్తకాన్ని చూపించి, అందులో ఆ కథ పేరు చెప్పి, "నో నో. దిస్ స్టోరీ. ఐ కాపీ" అన్నారు.

"ఆఁ! కాపీ!" అంది పెద్దావిడ, తన పొరపాటుకి తానే తల కొట్టుకుంటూ. మళ్లీ లోపలికెళ్లింది. జిరాక్సు మెషీను గరగరమంది. ఆ కథ ఇంగ్లీషు పేజీలు వెచ్చవెచ్చగా తెచ్చి రెండు చేతులతో అత్తయ్యకి అందించింది. "ఫ్రీ" అంది.

నేను గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్తయ్యకి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగిలించిన సొత్తుని ఇంటివాళ్లే మళ్లీ చేతిలో పెడితే ఎవరికైనా అంతే. "నా వల్ల కాదే, నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాను. ఇంగ్లీషులో, చిన్న చిన్న మాటల్లో, ఒక్కటీ దాచకుండా. పెద్దావిడ ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. చేతులు రెండూ ముందు కట్టుకుని నేల చూస్తూ విన్నది. నేను గ్రీన్ కార్డుకి మనసులోనే నీళ్లు వదిలేశాను.

"అత్తయ్య సారీ చెప్తున్నారు" అన్నాను.

"అది నేను తీసుకోకూడదు" అంది పెద్దావిడ. "ఆమెది. ఆమె చాలా కోపిష్ఠి. నేనైతే ఆమెకి క్షమించే అలవాటుందని చెప్పలేను." బల్ల మీద ఉన్న ఫోటో చూపించింది. పోస్టరులో ఉన్న ఫోటోయే, ఆ కోపం కళ్లే.

అత్తయ్య వెళ్లి దాని ముందు నిలబడ్డారు. చెంపలు వేసుకున్నారు. "తప్పయిందండీ. మీ పేరు రాసి ఉండాల్సింది" అన్నారు. ఫోటోలో ఆవిడ కోపం తగ్గలేదు. అయినా అత్తయ్య వెనక్కి తిరిగినప్పుడు కాస్త తేలికపడ్డట్టే ఉన్నారు.

అప్పుడు పెద్దావిడ నన్ను పిలిచి, చాలాసేపటి నుంచి ఆపుకుంటున్నదాన్ని అడిగినట్టు అడిగింది. "చలికి బదులు, వేడి అన్నావా నువ్వు? రోజూ వేడిగా ఉందంటాడా?"

"వెరీ హాట్" అన్నారు అత్తయ్య, ఈ ముక్క అర్థమై. "కాకినాడ."

"మంచు?"

"కరెంట్ నో."

పెద్దావిడ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వు! లోపల్నుంచి కుర్చీ తెచ్చుకుని అత్తయ్య ఎదురుగా వేసుకుని, మొత్తం చెప్పమంది. అత్తయ్య తెలుగులో, నేను ఇంగ్లీషులో. సినిమాల పిచ్చి ముసలావిడ దగ్గరికొచ్చేసరికి పెద్దావిడ కళ్లు తుడుచుకుంటోంది.

"చివర?" అంది.

చివర మారిపోయింది. అసలు కథలో అతను ఊరు వదిలి వెళ్లి, కొన్నేళ్లకి తిరిగొచ్చి, తనతో వచ్చెయ్యమంటాడు. ఆ పిల్ల ఏమీ అనకుండా కిటికీ తలుపు వేసేసి, మంచులో ఎదురుగా ఉన్న కొట్టుకి వెళ్లి, ఒక్కతే కూర్చుని వేడివేడి నూడుల్స్ తింటుంది. అంతే. అత్తయ్య కథలో అన్నవరంలో పెళ్లయిపోతుంది.

"పెళ్లి చేశారా?" అంది పెద్దావిడ. మొహమంతా మారిపోయింది. "నేను పెళ్లికి ముందు చదివాను ఆ కథ. ఇప్పటికీ మంచు పడిందంటే ఆ పిల్లే గుర్తొస్తుంది, ఒక్కతే కూర్చుని తింటూ. నాకు నచ్చలేదు ఆ చివర. ఈ ఇంట్లో పైకి అనకూడదు." ఫోటో వైపు దొంగచూపు చూసింది. "మీ దేశంలో పెళ్లయిందన్నమాట. తర్వాత? సుఖంగా ఉందా?"

"తర్వాతేముంది? కథ అయిపోయింది" అన్నారు అత్తయ్య.

"కాదు. సుఖంగా ఉందా?"

అత్తయ్య నా వైపు చూశారు. నాకేం తెలుసు! మా అమ్మాయి పులిహోర డబ్బా మూత తీసి వాసన చూస్తోంది. అత్తయ్య కాసేపు చెరువు వైపు చూసి, తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెట్టారు.

"ఏం సుఖం? వాడికి వచ్చింది ఒకటే ముక్క. పెళ్లయ్యాక కూడా అదే. అన్నం పెడితే ఉక్కగా ఉందంటాడు. పక్కేస్తే ఉక్కగా ఉందంటాడు. దీనికి పిచ్చెక్కిపోయింది. ఒకరోజు 'ఉక్కగా ఉంటే విసనకర్ర కొనుక్కోండి, నాతో ఎందుకు' అని కసిరేసింది."

నేను చెప్తుంటే పెద్దావిడ తొడ మీద చరుచుకుని నవ్వింది.

"వాడు నిజంగానే బజారుకెళ్లి విసనకర్ర కొనుక్కొచ్చాడు. మాట్లాడకుండా దీని పక్కన కూర్చుని, దీనికి విసరడం మొదలుపెట్టాడు." అత్తయ్య చెయ్యి గాలిలో విసురుతోంది, ఆవిడకి తెలియకుండానే. "అప్పుడర్థమైంది దీనికి. ఆ టికెట్ల కిటికీ వెనక గదికి గాలుండదు, ఫ్యానుండదు. వాడు బయట, చెట్టు కింద నిలబడేవాడు. అన్నేళ్లూ ఉక్కగా ఉందండీ అన్నది వాడికి ఉక్క పోసి కాదు. దీనికి పోస్తోందని."

నేను అనువదించడం మర్చిపోయాను.

అత్తయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ముఖంలో పాత భయం వచ్చేసింది. చేతిలోని కాగితాలు గబగబా తిరగేస్తూ, "ఏమే, ఇది ఇందులో ఉందా? ఎక్కడ చదివాన్నేను?" అన్నారు.

"ఎక్కడా లేదత్తయ్యా."

"సరిగ్గా చూడు. ఎక్కడో ఉండే ఉంటుంది."

"ఆవిడ కథలో చలి కదత్తయ్యా. ఉక్క మీది. విసనకర్ర ఇంకెవరు రాస్తారు?"

ఆవిడ కాగితాలు తిప్పడం ఆపారు. ఏమైందో తెలియని జపాన్ పెద్దావిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుని, "తర్వాత?" అంది.

నేను తెలుగులో చెప్పకుండానే ఆ మాట అర్థమైంది అత్తయ్యకి. "ఉండమను" అన్నారు. "ఆలోచించుకోవాలి."